బీరమ్మ చెలిమె

బీరమ్మ భర్త చనిపోయిన ఏడాది ఎండాకాలంలో, బావ దశరథ్ ఆమె గొర్ల మందను నీళ్ల దగ్గర ఆఖరి వంతుకు నెట్టాడు.

పెద్దేముల్ వైపు గుట్టల్లో గొర్లు కాసుకునే కుటుంబాలన్నీ ఎండాకాలం ఒకే మడుగు మీద బతుకుతాయి. ఏ మంద వెనక ఏ మంద దిగాలో వంతు ఉంటుంది. భర్త ఉన్నన్నాళ్లూ వాళ్ల మంద దశరథ్ మంద వెనకే దిగేది. ఆయన పోయాక, "మగదిక్కు లేని మంద ఆఖర్న దిగాలె, గది పద్ధతి" అన్నాడు దశరథ్. అలాంటి పద్ధతి ఒకటుందని అంతకుముందు ఎవరూ వినలేదు. వినలేదని ఆ రోజు ఎవరూ అననూ లేదు.

ఆఖరి వంతు వచ్చేసరికి మడుగులో మిగిలేది బురదే. అది తాగి బీరమ్మ గొర్లకు పారుడు రోగం పట్టింది. ఒక్కొక్కటే పడిపోతుంటే దశరథ్ సలహా కూడా ఇచ్చాడు.

"ఉన్నయి అమ్ముకొని తాండూర్ల పప్పు మిల్లుకు పో. ఆడిదానికి గుట్టలెందుకు?"

ఆమె మిల్లుకు పోలేదు. ఊళ్లో ఎంతమంది ఎన్ని మాటలన్నా మిగిలిన మందను ఒక్కతే గుట్ట అవతలికి తోలింది. అక్కడ ఎండిన వాగులో, చుట్టూ చెట్లన్నీ మోడులై ఉంటే, ఒక్క మేడిచెట్టు పచ్చగా ఉంది. దాని మొదట్లో ఇసుక తోడింది. ముందు చేతులతో, తర్వాత అన్నం తెచ్చుకున్న గిన్నెతో. నడుము లోతు దిగాక ఇసుక తడిసింది. ఇంకా తోడితే నీళ్లు ఊరాయి. ఇసుకలో తోడిన అలాంటి ఊటగుంతను అక్కడివాళ్లు చెలిమె అంటారు. నీళ్లు తోడి పక్కనున్న రాతిగుంటలో పోస్తే గొర్లు ఎగబడి తాగాయి. ఇంటికి మళ్లేముందు చెలిమె మీద ఒక బండ, బండ మీద ముళ్లకంప, కంప మీద ఆకులు వేసింది. పక్కనుంచి నడిచిపోయినా తెలియదు.

ఆ చెలిమెను ఆమె ఒక్కరికే చూపించింది. కూతురు నవనీతకు. అప్పుడే బడికి పోతున్న పిల్ల చేతిని పట్టి నీళ్లలో పెట్టించింది.

"గంగమ్మ మీద ఒట్టు. ఎవలకు చెప్పొద్దు."

"పెద్దనాయినకు గూడ?"

"ఆయనకు అసలే చెప్పొద్దు."

"అయితే ఎవలకు చెప్ప" అంది నవనీత. నీళ్లలోంచి చేయి తీసి, ఆ తడి చేత్తో తల్లి ముక్కు పట్టి లాగింది.

నవనీత కాళ్లు ఒకచోట నిలిచేవి కావు. గుట్ట కొమ్ము మీద ఉండేది, లేకపోతే చెట్టు చిటారున. "నీది ఆడపిల్లనా, కోతిపిల్లనా బీరమ్మా?" అని పక్కింటి రాధమ్మ ఎకసెక్కాలాడితే, "కోతైతే ఏందే, కొమ్మ ఇరగకుంట దిగుతది" అనేది బీరమ్మ. పెళ్లి మాట ఎత్తినవాళ్లకూ అలాగే జవాబు చెప్పింది. వికారాబాద్‌లో డిగ్రీ చదివించింది. హిమాలయాల దాకా మోటారుసైకిల్ మీద పోతానంటే రెండు పొట్టేళ్లు అమ్మి పంపింది. తను గుట్ట దాటినందుకు ఇంతమంది ఇన్ని మాటలన్నారు కదా, బిడ్డ దేశమే దాటనీ అనుకుంది.

తిరిగొచ్చాక నవనీత వికారాబాద్‌లో పనిలో కుదిరింది. పట్నం వాళ్లను శని, ఆదివారాలు అడవిలోకి తీసుకుపోయి, గుట్టలెక్కించి, గుడారాల్లో పడుకోబెట్టే పని. "మందిని తోల్కపోతది నా బిడ్డ. మాది మందను తోలే వంశమే గద" అని బీరమ్మ బస్సులో పక్కనున్న వాళ్లకు కూడా చెప్పుకునేది.

మొన్న మాఘం పోయాక ఒక ఆదివారం పొద్దున ఆమె మందతో వాగులోకి దిగింది. మేడిచెట్టు కింద రంగురంగుల గుడారాలు కనిపించాయి. ముళ్లకంప ఒక పక్కకు విసిరేసి ఉంది. చెలిమె గట్టు మీద ఇద్దరు కుర్రాళ్లు మగ్గులతో నీళ్లు పోసుకుంటున్నారు. రాతిగుంట నిండా సబ్బు నురగ. గొర్లు మూతులు దించి, వాసన చూసి, వెనక్కి జరిగాయి.

"ఆంటీ, కొంచెం అటు తోలండి, వీడియో తీస్తున్నాం" అన్నాడొకడు.

గుడారంలోంచి నవనీత పరుగున వచ్చింది. తల్లి భుజం మీద చేయి వేసి వాళ్లవైపు తిప్పింది.

"గీమె మా అమ్మ! ఈ నీళ్లు కనిపెట్టింది మా అమ్మనే!"

అందరూ చప్పట్లు కొట్టారు. నవనీత మొహం వెలిగిపోతోంది. తప్పు చేసినదాని మొహం అలా ఉండదు. అదే బీరమ్మను నిలువునా కోసింది. బిడ్డ దొంగతనంగా ఇచ్చి ఉంటే తిట్టేది. ఇది సంబరంగా ఇచ్చేసింది.

"ఒట్టు పెట్టినవు గదనే" అంది మెల్లగా.

"అమ్మా, నేనప్పుడు చిన్నపోరిని. నువ్ ఇంకా గదే పట్టుకున్నవా? అడవి అందరిది."

"అందరిదైతే మడుగు కాడ మీ పెద్దనాయిన గా మాట ఎందుకనలే?"

నవనీతను ఎవరో పిలిస్తే వెళ్లిపోయింది. బీరమ్మ తాగని మందను వెనక్కి తోలుకుపోయింది.

నవనీత దారి చెప్పిన ఆ వీడియో ఊరికి చేరడానికి ఎన్నాళ్లో పట్టలేదు. మడుగు అడుగంటిన వారమే బీరమ్మ వెళ్లేసరికి చెలిమె దగ్గర దశరథ్ మంద ఉంది. గుంతను వెడల్పు చేసి, గొర్లను నేరుగా అందులోకే దించేశాడు.

"గిది నేను తోడిన చెలిమె బావా."

"వాగేమన్న మీ నాయిన పట్టానా?" అని నవ్వాడు దశరథ్. "నీ బిడ్డ తొవ్వ మస్తు చెప్పింది ఫోన్ల. గుడ్డోడు గూడ వస్తడు. జర ఆగు, మావి తాగినంక నీవి దిగుతయి."

బీరమ్మ ఆగింది. ఆమె వంతు వచ్చేసరికి గుంతలో బురద ఉంది. ఈసారి దాన్ని గొర్లకు తాగనివ్వలేదు. ఆ వారం తాండూరు అంగట్లో మందంతా అమ్మేసింది.

ఆ సంగతి తెలిసి నవనీత మోటారుసైకిల్ మీద అంగడికొచ్చింది. అప్పటికి కొన్నవాళ్లు గొర్లను లారీ ఎక్కిస్తున్నారు. బీరమ్మ చేతికర్రతో, భుజం మీద గొంగడితో పక్కన నిలబడి ఉంది.

"నాకొక్క మాటన్న చెప్పవా అమ్మా? గిప్పుడేం చేస్తవ్?"

"మీ పెద్దనాయిన ఎప్పుడో చెప్పిండుగా. మిల్లుల చెరుగుత."

నవనీత ఏడ్చింది. అంగట్లో జనం చూస్తున్నా ఆపుకోలేదు. తల్లి చేయి పట్టుకుంది. బీరమ్మ ఆ చేయి విడిపించుకోలేదు, తిరిగి పట్టుకోనూ లేదు.

"పెద్దనాయిన సంగతి నాకు యాదికే రాలే. నిజంగ రాలేదమ్మా. నీ పేరు చెప్పాలనే చెప్పిన" అంది నవనీత. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "రేపు మళ్ల మంచుకొండలకు పోతున్న. ఈసారి ఎవలు పోని తొవ్వ. నువ్ గూడ రా. నీకు చూపిస్త" అంది.

లారీ కదిలింది. అది మూల తిరిగేదాకా బీరమ్మ చూసింది. తర్వాత గొంగడి భుజం మార్చుకుని కూతురి వైపు తిరిగింది.

"పైలంగ పో. కని నువ్ పోయే తొవ్వ మాత్రం నాకు చెప్పకు బిడ్డా. ఎవలకన్న చెప్తనేమో."