జపాన్ ఫెర్న్‌కు పట్టిన పురుగు

మొన్న మా అమ్మాయి ఇంటర్నెట్‌లో కుండీ మొక్క పేరేదో వెతుకుతూ, అట్టకు అంటించిన ఎండు జపాన్ ఫెర్న్ ఫొటో నా ముందు పెడితే, నవ్వబోయి ఆగిపోయాను. అమెరికా వచ్చి అరోరాలో కాపురం పెట్టిన కొత్తలో అలాంటి అట్టలెన్నో నా చేతుల మీదుగా వెళ్ళాయి.

డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేయకూడని ఆ రోజుల్లో, మనలో చాలామంది ఆడవాళ్ళలాగే కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చోలేక, దగ్గర్లోని ఒక చిన్న మ్యూజియంలో వాలంటీరుగా చేరాను. ఎండబెట్టిన మొక్కలను అట్టలకు అంటించి బీరువాల్లో దాచే గది అది. ఏ మొక్కను ఎవరు, ఎక్కడ, ఎప్పుడు కోశారో అట్ట మీద చదివి కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. జీతం లేకపోయినా, ఇల్లు దాటాక నాకంటూ ఉన్న చోటు అదొక్కటే. పక్క కుర్చీలో రిటైరైన టీచరమ్మ ఒకావిడ నా పులిహోరను తెగ మెచ్చుకుంటూ తినేది. ఎవరైనా మరీ అంత మెచ్చుకుంటే నాకు అనుమానమే, అది నా పుట్టుబుద్ధి.

ఒకరోజు జపాన్ ఫెర్న్‌ల బీరువా తెరిస్తే ఆకులన్నీ జల్లెడలైపోయి ఉన్నాయి. గోధుమరంగు చిన్న పురుగులు, అచ్చం మన కారప్పొడికి పట్టేవే. ఆ మాట నేనే పైకి అన్నాను. అంతే, మా పైఅధికారిణి చూపు నా భోజనం సంచీ మీద పడింది. మెత్తగా నవ్వుతూనే, "మీ మసాలాలు ఇండియా నుంచి తెప్పిస్తారా?" అని అడిగి, అందరి ముందూ సంచీ విప్పించి, విషయం తేలేదాకా రావద్దంది. టీచరమ్మ మాత్రం తల ఎత్తలేదు. అక్కడే నాకు అనుమానం వచ్చింది.

ఇంటికొచ్చి చెబితే మావారు, "గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉందే, ఇష్యూ చేయకు, వదిలెయ్" అన్నారు. ఎలా వదలను? ఆ గది పోతే మళ్ళీ కిటికీయే గతి కదా!

కొన్నాళ్ళకు వాళ్ళే పిలిచారు. బయటి నుంచి వచ్చిన ఫెర్న్‌ల కట్టను ముందుగా ఫ్రీజర్‌లో పెట్టి పురుగును చంపాలట; టీచరమ్మ మరిచిపోయి నేరుగా బీరువాలో సర్దేసిందట. నా ఎదుటే ఆవిడ ఏడుస్తూ ఒప్పుకుంటుంటే, పైఅధికారిణి భుజం నిమిరి, "పోనీలెండి, ఇలాంటివి ఎవరికైనా జరుగుతాయి" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు సంచీ విప్పించినప్పుడు ఆ 'ఎవరికైనా'లో నేను లేను కదా!

అయినా మానలేదు, ఏళ్ళ తరబడి వెళ్ళాను. ఇప్పుడు ఆ అట్టలను ఎవరైనా ఇంట్లో కూర్చునే ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు, ఎవరి గుమ్మమూ తొక్కనక్కర్లేదు. మంచిదే. కానీ ఆ ఎండాకుల వాసన, ఆ బీరువా తలుపుల చప్పుడు ఎక్కడ దొరుకుతాయి? రమ్మంటే ఈ వయసులోనూ పరుగున వెళతాను, సంచీ మాత్రం కారులోనే వదిలేసి.