నాలుగో గది తువ్వాళ్లు

మా అత్తకి మా వీధి పెట్టిన పేరు అనుమానప్పక్షి. ఆ పేరు పెట్టినవాళ్లని నేనేమీ అనను. పాలవాడు మూడు రోజులు రాకపోతే వాడికి ఎక్కడో రెండో కాపురం ఉందని తేల్చేసింది. పాపం, వాడికి కామెర్లు. పెళ్లయిన కొత్తలో నేను ఫోన్లో ఎవరితో మాట్లాడుతున్నానో అని నా వెనకే నిలబడి వినేది. అటువైపు మా అమ్మేనని తెలిశాక కూడా ఇంకో వారం విన్నది. అలాంటి మనిషి మాటని ఈ చెవితో విని ఆ చెవితో వదిలేయడం నాకు అలవాటైపోయింది.

మాది బట్టలు ఉతికే పని. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, వెనక గదిలో ఆరేసే తీగలు. వచ్చే బట్టల్లో సగం వృద్ధుల హోమ్‌వి. అక్కడ పన్నెండు గదులు. ఎవరి బట్ట వాళ్లకి చేరాలని అంచున గది నంబరు కుట్టి ఉంటుంది. ఉతకడం నా వంతు, ఇస్త్రీ అత్త వంతు.

ఆ ఎండాకాలంలో ఒకరోజు నాలుగో గది తువ్వాలు తెచ్చి నా ముందు పరిచింది.

"ఇది చూడవే. రెండు కొసల దగ్గరా తాడులా మెలిపడింది. ఎంత రుద్దినా పోవట్లేదు."

"బట్టలు మూట కట్టుంటార్లే అత్తా."

"మూట దుప్పటితో కడతారు. తువ్వాలుకి ముడెందుకు? తడిపి, గట్టిగా బిగించి, గంటలకొద్దీ ఉంచితే గానీ ఇలా పడదు."

"మొదలెట్టావా" అన్నాను.

మొదలెట్టింది. ఆ తర్వాత హోమ్ మూట ఎప్పుడొచ్చినా ముందు నాలుగో నంబరు బట్టలే ఏరేది. మర్నాటి మూటలో అలాంటి తువ్వాళ్లు రెండున్నాయి. ఇంకే గది తువ్వాలుకీ ఆ మెలి లేదు. తర్వాత దుప్పటి చూపించింది. మధ్యలో ఒక్కచోటే మరక, అంచులు నలగనైనా లేదు.

"మనిషి రాత్రంతా పక్కకి కూడా తిరగలేదు. ఎందుకు తిరగలేదంటావ్?"

నాకూ అది మామూలుగా అనిపించలేదు. కానీ ఆ హోమ్ పని పోతే మా పొట్ట సగం మాడుతుంది. అందుకే నోరు మూసుకుని మిషన్‌లో సబ్బు పోశాను.

శుక్రవారం హోమ్ మేనేజరమ్మ ఫోన్ చేసింది.

"నాలుగో గది పెద్దావిడ కూతురు ఆదివారం వస్తోంది. ఆవిడ పొడుగు చేతుల గౌన్లు రేపటికల్లా పంపేయండి. మిగతావి ఆలస్యమైనా పర్లేదు."

ఫోన్ పెట్టి వెనక్కి తిరిగితే అత్త. ఎప్పటిలాగే మొత్తం విన్నది.

"ఈ ఎండలో పొడుగు చేతులెందుకే?"

ఆ ప్రశ్న నాకెందుకు తట్టలేదా అని సిగ్గేసింది.

పాలవాడి మీద నింద వేయడానికి క్షణం ఆలోచించని మనిషి ఆ రాత్రి అన్నం కెలుకుతూ కూర్చుంది. "ఇది కూడా తప్పయితే బావుణ్ణు" అంది. అత్త నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. నాకు భయమేసింది.

శనివారం అన్నీ పంపాం, పొడుగు చేతుల గౌన్లు తప్ప. ఆదివారం పొట్టి చేతుల గౌను ఒకటి, దాని మీద తువ్వాళ్లు పెట్టుకుని మేమే వెళ్లాం. పెద్దావిడ మెడదాకా దుప్పటి కప్పుకుని మంచం మీద ఉంది. కూతురు అప్పటికే వచ్చి పక్కన కూర్చుంది.

"అవి ఆరలేదమ్మా" అని అత్త మేనేజరమ్మతో తడుముకోకుండా అబద్ధమాడింది.

"ఆయా వచ్చి మారుస్తుంది, అక్కడ పెట్టండి" అంది మేనేజరమ్మ, మొహం మాడ్చుకుని.

"ఆయా ఎందుకు, మా అమ్మకి నేను తొడగలేనా? ఇదే నయం, చల్లగా ఉంటుంది" అంటూ కూతురు గౌను అందుకుంది. దుప్పటి తీసి, చేతులు పట్టుకుని ఆగిపోయింది. రెండు మణికట్ల చుట్టూ నల్లగా కమిలి ఉంది.

"ఇదేంటి?"

"రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాం కదమ్మా. ఊరికే చెయ్యి తగిలినా అలా కమిలిపోతుంది" అంది మేనేజరమ్మ. చాలా మెత్తగా చెప్పింది. కూతురు నమ్మాలనే చూసింది. ఆమె స్థానంలో ఉంటే నేనూ నమ్మేదాన్ని.

అత్త తువ్వాళ్లు అల్మరాలో పెడదామని మంచం పక్కకి నడిచింది. పెద్దావిడ చూపు అత్త మొహం మీద లేదు, చేతిలోని తువ్వాలు మీద ఉంది. మెల్లగా రెండు చేతులూ దగ్గరికి చేర్చి, మణికట్లు ఆనించి, అత్త ముందుకి చాపింది.

"ఇంక పిలవను. మంచినీళ్లు కూడా అడగను" అంది.

అత్త తువ్వాళ్లు చంకలో దాచేసుకుంది. కూతురు ఆ రెండు చేతులూ ఒళ్లోకి తీసుకుని భోరుమంది.

ఆ సాయంత్రమే తల్లిని తీసుకెళ్లిపోయింది. అధికారులకి ఫిర్యాదు కూడా రాసిచ్చింది. విచారణకి వస్తామన్నారట, ఎప్పుడన్నది చెప్పలేదట. సోమవారం హోమ్ నుంచి మాకు మూట రాలేదు. ఆ పనికి ఇంకెవరినో పెట్టుకున్నారని తెలిసింది.

ఒక మిషన్ ఖాళీగా ఉంది. పని పోయినందుకు అత్త ఏడుస్తుందేమోనని చూశాను. ఇస్త్రీ బల్ల దగ్గర కూర్చుని, వేళ్ల మీద గదుల నంబర్లు చెప్పుకుంటోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు వదిలేసి అయిదు.

"మిగతా పదకొండు గదుల బట్టలు ఇప్పుడెవరు చూస్తారే?" అంది.