రంగక్క తేని మాత్రలు

వల్లూరు రంగక్క నెలకోసారి రక్తపరీక్షకు పావగడ బస్సెక్కుతుందంటే చాలు, వీధి వీధంతా పనులు పురమాయిస్తుంది. కుక్కరు వాషరు, జాకెట్టు గుడ్డ, ఆధార్ జెరాక్సు, ఏదైనా తెస్తుంది. మాత్రలు మాత్రం ఎవరికీ తేదు. ఎందుకని అడిగితే మాట మార్చేస్తుంది.

ఒకప్పుడు వేరుశనగ వేసిన సొంత చేలోనే ఇప్పుడు సోలార్ పలకలు తుడిచే పని ఆమెది. మూడేళ్ల కిందట అక్కడే జారిపడి చీలమండ విరిగింది. పిండికట్టు వేసి ఆరు వారాలు మంచాన పడేశారు. ఒక్కచోట కూర్చోమంటే ప్రాణం పోయే మనిషి, పాపం. కట్టు విప్పేసరికి కాలు తొడదాకా వాచి ఉంది, లోపల నరంలో రక్తం గడ్డకట్టింది. నెలనెలా రక్తపరీక్ష అప్పటినుంచే. బెంగళూరు డాక్టరమ్మ పరీక్షలు చేయించి విడమరచి చెప్పింది. దెబ్బ తగిలితే రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలు ఒంట్లో ఉంటాయి, పని కాగానే అవి ఆగిపోవాలి. రంగక్క ఒంట్లో వాటిలో ఒకటి తొందరగా ఆగదు. అది అమ్మ నుంచో నాన్న నుంచో పుట్టుకతో వచ్చిన తేడా, తోడబుట్టినవాళ్లకూ ఉండొచ్చు. చాలామందికి జీవితాంతం ఏమీ కాదు. కదలకుండా పడుకున్నప్పుడో, కాన్పప్పుడో, కొన్ని హార్మోను మాత్రలు మింగినప్పుడో ముప్పు.

మాత్రల మాట వినగానే రంగక్కకు చెల్లెలు ఆంజినమ్మ గుర్తొచ్చింది. వాళ్ల ఇంటి అమ్మవారి పండగలో ఆడబిడ్డలే జ్యోతి మోయాలి. ఇరవై రెండేళ్ల కిందట, బయటచేరే రోజులు అడ్డం రాకుండా ఆంజినమ్మ మాత్రలు మింగింది. పండగైన మూడో రోజు కాలు వాచింది, ఆయాసం వచ్చింది, సాయంత్రానికి ప్రాణం పోయింది. మైలతో జ్యోతి ముట్టుకుందని, అమ్మవారికి కోపం వచ్చిందని ఊరంతా అన్నది. అన్న జయరామప్ప ఆ తర్వాత చెల్లెలి పేరే ఎత్తలేదు. పావగడ నుంచి ఆ మాత్రలు తెచ్చిచ్చింది రంగక్కే. ఆ సంగతి ఆమె నోరు దాటలేదు.

ఈ ఏడు జ్యోతి జయరామప్ప కూతురు ధనుశ్రీ వంతు. పండగ ఇంకా వారముందనగా, రంగక్క బస్సుకు బయల్దేరుతుంటే ఆ పిల్ల వచ్చింది.

"అత్తా, పండగ అయ్యేదాకా డేట్ రాకుండా మాత్రలు తెచ్చి పెట్టు."

రంగక్క చేతిసంచి కింద పెట్టేసింది. "తేను. ఎవరు తెచ్చిచ్చినా మింగొద్దు."

"అందరూ మింగేదే కదా," అన్నాడు పక్కనే తన ఇంటి అరుగు మీదున్న జయరామప్ప. "దానికేమైతాది?"

ఇంకా దాస్తే ఈ పిల్ల కూడా దక్కదు. రంగక్క మెట్టు మీద కూలబడి చెప్పేసింది. "ఆంజిని మైలతో ముట్టుకోలేదన్నా. మాత్రలు మింగి పోయినాది. తెచ్చిచ్చింది నేనే. ఆ తేడా మన రక్తంలోనే ఉండాది. నీకుంటే నీ బిడ్డకూ ఉండొచ్చు."

జయరామప్ప లేచి లోపలికి వెళ్లిపోయాడు. ఇక అన్న తనను గడప తొక్కనివ్వడని రంగక్క ఏడ్చింది. మూడో రోజు కూతుర్ని వెంటబెట్టుకొచ్చి, "నువ్వూ రా, ఆస్పత్రికి పోదాం" అన్నాడు. బస్సులో కూతురితో ఒక్క మాటే అన్నాడు. "ఆ దినం బయటుంటే ఉండు. జ్యోతి మళ్లేడు మోద్దువులే."

పావగడ డాక్టరు ధనుశ్రీకి రక్తపరీక్ష చీటీ రాస్తూ, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టడం అయిందా అని అడిగాడు. రంగక్క నోరు తెరిచేలోపే జయరామప్ప అందుకున్నాడు.

"ఈయమ్మకు అయినాది సార్. మా చిన్నచెల్లెలు ఆంజినమ్మ మాత్రలు మింగి దీంతోనే పోయినాది."

"మాత్రలు ఎవరిచ్చారు?"

రంగక్క తల దించుకుంది.

"మేమే ఇచ్చినాము," అన్నాడు జయరామప్ప.