తోడికోడలికి లేని భయం

అరవైల మొదట్లో, నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో, జువ్వలదిన్నె దగ్గర ఉప్పుకాలువలో మా పడవ బోల్తా పడింది. చేపల గంపలతో సంతకు పోతున్న ఆడవాళ్లం అందులో ఉన్నాం. మద్రాసుకు సరుగుడు కట్టెలు మోసుకుపోయే పెద్ద పడవొకటి మమ్మల్ని ఒరుసుకుపోయింది. నా చిన్న తోడికోడలి తలకు గెడకర్ర తగిలింది. నేను తిరగబడిన పడవ కింద చిక్కుకుని, చీకట్లో బురదనీళ్లు మింగాను. మగవాళ్లు దూకి అందరినీ ఒడ్డుకు లాగారు.

తల గాయానికి కట్టిన కట్టు విప్పిన మర్నాడే ఆమె వక్క నములుతూ పడవెక్కింది. నాకు మాత్రం రేవులో కాలు పెడితే చాలు, ఒళ్లంతా చెమటలు, గొంతులో బురద రుచి. గంప నెత్తిన పెట్టుకుని దూరాన వంతెన మీదుగా నడిచి పోయేదాన్ని. నేను చేరేసరికి ఆమె గంప ఖాళీ. నా చేపలు మెత్తబడిపోయేవి.

“చిన్నదాన్ని చూడు, ఎంత గుండెధైర్యమో దానికి!” అనేది అత్త, నాకు వినబడేలా.

తోడికోడలి నవ్వు చూస్తే నాకు కడుపు రగిలిపోయేది. నన్ను మళ్లీ నీళ్లదాకా తెచ్చింది ఆ మంటే. ముందు, ఒడ్డుకు కట్టేసిన పడవలో కూర్చుని వల చినుగులు కుట్టుకునేదాన్ని. పడవ ఊగితే దిగి పరిగెత్తేదాన్ని. మళ్లీ ఎక్కేదాన్ని. ఊగినా ఏమీ కాదని నా ఒంటికి తెలిసేదాకా ఎక్కుతూనే ఉన్నాను. చివరికొకరోజు కళ్లు మూసుకుని, ఆమె పక్కనే కూర్చుని కాలువ దాటాను.

అవతలి ఒడ్డున అడిగాను. “నీకు భయమెందుకు వెయ్యలేదే?”

“ఏం భయమక్కా? పడవెక్కింది తెలుసు. కళ్లు తెరిస్తే ఇంట్లో ఉండాను. మద్దెలో ఏం జరిగిందో నాకు గ్యాపకమే లేదు. మీరు చెప్పుకుంటా ఉంటే ఇన్నానంతే.”

ధైర్యమైతే కష్టపడి నేర్చుకోవచ్చు. ఆ మరుపు నేనెక్కడ తెచ్చుకునేది? ఆ రోజు నుంచి ఆమెను చూస్తే ఇంకా ఎక్కువ కుళ్లు పుట్టింది.

ఆ ఏడు తుఫానుకు కాలువ ఎర్రగా పొంగగానే, పోయిందనుకున్న భయమంతా తిరిగొచ్చింది. మళ్లీ కట్టేసిన పడవ దగ్గరే మొదలుపెట్టాను. ఈసారి భయం త్వరగానే వదిలింది.

“దా అక్కా, పొద్దుపోతా ఉండాది!” అని ఆమె పడవలోంచి కేకేసేది. నేను పళ్లు కొరుక్కుంటూ ఎక్కేదాన్ని.