నిమ్మగడ్డి నూనె, విత్తనం వడ్లు

యుద్ధకాలంలో తిరుపతి నుంచి వడమాలపేట వైపు పెట్రోలు దొరక్క బొగ్గు మండించి నడిపే బస్సు ఉండేది. ఎత్తు వచ్చినప్పుడల్లా జనం దిగి నడవాలి. అలా దిగుతూ ఎక్కుతూ అక్క వాళ్ల ఊరు చేరేసరికి ఇంటి ముందు సబ్బుల అంగట్లో లాంటి వాసన వేస్తోంది. అరుగు మీద రెండు కుప్పలుగా వడ్లు. ఒక కుప్ప మీద అక్క కూర్చుని ఉంది. బావ చేతిలో సీసా ఉంది.

ఆ ఏడు కోతల్లో వాన పడింది. విత్తనానికి ఎత్తిపెట్టిన వడ్లు సరిగా ఆరకుండానే, గడ్డితాడు చుట్టి కట్టిన పురిలోకి పోయాయి. నారు పోసే వేళకు పురి విప్పితే గింజల మీద పచ్చటి బూజు. ఊరంతటికీ అదే వాన కాబట్టి ఇంకో ఇంట్లో అడిగే దారి లేదు. ఈ వడ్లు మొలిస్తే మడి, లేకపోతే బీడు.

కొండ పక్కన నిమ్మగడ్డి కాచి నూనె తీసే ఒకాయన, ఆ నూనె తగిలితే బూజు బతకదని పుత్తూరు సంతలో చెప్పాడట. బావ సీసా తెచ్చి సగం వడ్ల మీద చల్లి కలిపేశాడు. మిగతా సగాన్ని అక్క ముట్టనివ్వలేదు.

"లెయ్యి మే. బూజు వడ్ల మీద కూసోని ఏం పొదగతావు?" అన్నాడు బావ.

"నువ్వు సల్లినవి ముందు మొలవనీ. ఆ పొద్దు లేస్తాను."

ఆ ఇంట్లో విత్తనం తడిపే ముందు అత్త, అంటే బావ తల్లి, వాసన చూడాలి. వడ్లు దోసిట్లో రుద్ది, నోటి ఆవిరి ఊది, ముక్కుకు దగ్గరగా పెట్టుకుని 'పోయండి' అనో, 'దంచుకోండి' అనో చెప్పేది. దంచుకోమంటే అవి ఇక తిండికే. ఆ రోజు దోసిలి పైకెత్తి, చటుక్కున దించేసింది.

"రేయ్, నా ముక్కును సంపినావు గదరా! ఇంక యా గింజ పట్టినా సబ్బు వాసనే."

"బూజు వాసన పోయిందంటే బూజు పోయినట్టే గదమ్మా."

"యాడ పోయింది? కొత్త వాసన వచ్చి దాని మీద కూసోనుండాది, నీ పెండ్లాం మాదిరి."

అక్క కూడా నవ్వింది కానీ లేవలేదు. బావ నా వైపు తిరిగాడు.

"ఏమప్పా, పేపర్లో పనిచేస్తా ఉండావు గదా. బూజు పోయిందా, లేదా? నువ్వు సెప్పు."

గింజలు వేళ్ల మధ్య నలిపి చూశాను. తెలియడం లేదన్నాను.

"తెలీనివే గదా మీరు రాసేది" అన్నాడు.

చివరికి అక్క రెండు కుప్పల్లోంచీ ఒక్కో గుప్పెడు తీసి, రెండు గుడ్డల్లో మూటగట్టి, నానబెట్టి, వెచ్చగా గడ్డిలో పెట్టింది. మొలక వచ్చే దాకా నేనూ ఉండిపోయాను.

మూటలు విప్పి చూశాం. నూనె పట్టించిన గింజలు తలంటుకున్నట్టు శుభ్రంగా ఉన్నాయి. బూజు లేదు, మొలకా లేదు. నూనె తగలని వాటిని బూజు దారాలు చుట్టుకున్నాయి. వాటి మధ్యలోంచే తెల్లటి మొలకలు బయటికి వచ్చాయి. అన్నిటికీ కాదు, చాలావాటికి.

అత్త ఆ రెండో మూట వాసన చూసి "దంచుకోండి" అంది.

"మొలిసినాయి గదత్తా!" అంది అక్క.

"మొలిసినాయి. అయినా సెడినాయి."

"మరి మంచివి ఏవి?" అని బావ అడిగాడు. ఆ మాట ఎవరిని అడిగాడో నాకు ఇప్పటికీ తెలియదు.

చెరువులో నీళ్లు మంచి విత్తనం దొరికేదాకా ఆగవు. అత్త మాట పక్కన పెట్టి, అక్క తాను కాపాడుకున్న వడ్లను ఉప్పు నీళ్లలో పోసి, తేలినవి పారబోసి, మునిగినవి కడిగి నారు పోసింది. నారు పలచగానే లేచింది. దిగువ మడికి సరిపోయింది. ఎగువ మడిలో రాగులు చల్లారు. నూనె వడ్లను ఆరబోసి ఆరబోసి మళ్లీ నానబెడితే కొన్ని మొలిచాయట, నాట్లు అయిపోయాక. మిగతావి బియ్యం చేసి వండితే అన్నం సబ్బు వాసన కొట్టి పిల్లలు కంచాలు తోసేశారట.

మరుసటి కోతలకు వెళ్లినప్పుడు బావ కొత్త పురి చుడుతున్నాడు. సీసాలో అడుగున ఇంకా కాస్త నూనె ఉంది. బావ సీసా వైపు చూశాడు, తర్వాత అక్క వైపు చూశాడు.

"గింజకు తగలనీయను మే. పైన తాడుకు మాత్రం."

"తాడుకే" అంది అక్క.

ఆ ఏటి విత్తనం బూజు లేకుండా, అత్త పోయమన్నాక, నిండుగా మొలిచింది. బావ ఆ మాట ఊరంతా చెప్పుకున్నాడు. అయితే ఆ ఏడు కోతల్లో వాన పడలేదు. నూనె పుణ్యమో, ఎండ పుణ్యమో అక్క చెప్పలేకపోయింది. అయినా తర్వాతి ఏడు పురి చుట్టేటప్పుడు, బావ కంటే ముందు సీసా వెతికింది ఆమే.