పద్నాలుగో నంబరు ప్రశ్న

ముప్పై ఏళ్ళు పోర్ట్‌బ్లెయిర్‌కు ఉత్తరాన డిగ్లీపూర్ బడిలో పౌరశాస్త్రం చెప్పాను. నల్లబల్ల మీద రెండు పెట్టెలు గీసి, ఒకదానిలో లోక్‌సభ, ఇంకోదానిలో రాజ్యసభ అని రాసేవాణ్ణి. బిల్లు మొదటి పెట్టెలో మూడు పఠనాలు దాటి, రెండో పెట్టెలో మళ్ళీ అన్నీ దాటి, రాష్ట్రపతి సంతకంతో చట్టమై బయటికి వచ్చేది. లోక్‌సభ పెట్టెలో మా దీవులకని ఒక్క చుక్క పెట్టేవాణ్ణి. ఐదువందల నలభై మూడు సీట్లలో మాది ఒకటి మరి. రాజ్యసభ పెట్టెలో మాకు చుక్క పెట్టే పని లేదు. మాకు అసెంబ్లీ కూడా లేదు. మా చట్టాలు పార్లమెంటు చేయాలి, లేదంటే రాష్ట్రపతి పేరున నిబంధనలుగా రావాలి. ఇంత చెప్పినవాణ్ణి ఒక్క చట్టసభనైనా కళ్ళతో చూడలేదు. నీళ్ళలో దిగకుండా ఈత నేర్పాను.

ఈ ప్రయాణం మాత్రం మా పక్కింటి దేముడమ్మ వల్ల పడింది. చేపలమ్మి పిల్లల్ని పెంచిన మనిషి. చెల్లెలు కళింగపట్నంలో ఉంది, ఇద్దరూ కలుసుకుని ఎనిమిదేళ్ళయింది. చెవికి ఆపరేషన్ అయ్యాక దేముడమ్మను విమానం ఎక్కవద్దన్నారు, ఓడే దిక్కు. విశాఖ ఓడ ఎప్పుడో గానీ ఉండదు. కబురు తెలిసి, రోజంతా బస్సులో పోర్ట్‌బ్లెయిర్ చేరేసరికి టికెట్లు అయిపోతాయి. రెండుసార్లు మూటతో వెళ్ళి మూటతో తిరిగొచ్చింది.

ఒకరోజు అరుగు మీద కూర్చుని అడిగింది. “మాస్టారూ, ఆ డిల్లీ సబలో మన ఊరి పేరు ఎవులైనా ఎప్పుడైనా అన్నారా?”

ఆ మాట నన్ను వదల్లేదు. మా ఎంపీ గారికి ఉత్తరం రాశాను. విశాఖ ఓడలు పెంచుతారా, డిగ్లీపూర్ వాళ్ళకు విడిగా కొన్ని టికెట్లు ఉంచుతారా అని సభలో అడగమన్నాను. నెల తర్వాత ఫోను వచ్చింది. ప్రశ్నలకు కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, అన్నిటినీ కలిపి చీటీ తీస్తారు, రోజుకు ఇరవై ప్రశ్నలకే మంత్రులు నోటితో జవాబు చెబుతారు. మాది ఆ ఇరవైలో పద్నాలుగోది! ఎగిరి గంతేశాను. గ్యాలరీ పాసు కూడా ఇప్పిస్తామన్నారు.

డిగ్లీపూర్‌లో బస్సు ఉదయం ఐదింటికి కదిలింది. రంగత్‌లో పూరీ తిని, రెండింటికి మిడిల్ స్ట్రెయిట్ రేవు దగ్గర బస్సుతో సహా పంటు మీద సముద్రపు పాయ దాటాం. పక్క సీటులో పోకచెక్క తోట ఉన్న బెంగాలీ రైతు. ఎక్కడికని అడిగితే పార్లమెంటుకని చెప్పాను.

“పోటీ చేస్తున్నారా మాస్టర్‌జీ?” అన్నాడు హిందీలో, సీటులో సర్దుకుని కూర్చుంటూ.

“లేదు దాదా, వినడానికి.”

“వినడానికి అంత దూరమా!” అని నవ్వి, “హమారా భీ నామ్ లేనా బోలో,” మా పేరు కూడా ఎత్తమనండి, అన్నాడు. సాయంత్రం ఐదున్నరకు పోర్ట్‌బ్లెయిర్. ఊరి పేరు మార్చి కొన్నాళ్ళయినా మా నోళ్ళకు ఇంకా అదే వస్తుంది. అక్కడే షాదీపూర్ పేటలో మేనకోడలి ఇంట్లో బస చేసి, మర్నాడు చెన్నైలో విమానం మారి ఢిల్లీ చేరాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకు రెండు మాటలు. డిసెంబరులో మన దీవుల స్వెట్టరు అక్కడ దేనికీ చాలదు. పాసు కోసం ఫలానా మనిషి తనకు తెలుసని ఎంపీ సంతకం చేయాలి. పాసు మీద గంటసేపే కూర్చోనిస్తారు. లోపలికి ఫోను, పెన్ను, కాగితం ఏవీ పోవు, కౌంటర్లో ఇచ్చేయాలి. నా కాగితం అక్కడే ఆగిపోయింది. మంత్రి జవాబు చెప్పాక అడగవలసిన అనుబంధ ప్రశ్నలు మూడు మంచి హిందీలో రాసుకున్న కాగితమది. నకలు ముందే ఎంపీ గారికి పంపాను కాబట్టి బెంగపడలేదు. అసలు ప్రశ్న కంటే ఈ అనుబంధ ప్రశ్నలే ముఖ్యం, మంత్రిని ఎదురుగా నిలబెట్టి అడిగేవి అవే.

పదిన్నరకు ఎంపీ గారి సహాయకుడు గేటు దగ్గర కలిశాడు, సాదాసీదా కుర్రాడు. “అంకుల్, పద్నాలుగు కొంచెం కష్టం. పదకొండు నుంచి పన్నెండు దాకా ఉన్న గంటలో ఐదో ఆరో అవుతాయి. ఎవరైనా సభ్యులు రాకపోతే గబగబా జరుగుతాయి,” అన్నాడు. మిగతా సభ్యులు రాకూడదని దేవుణ్ణి కోరుకోవడం పౌరశాస్త్రం మాస్టరుకు తగదు. అయినా కోరుకున్నాను.

సరిగ్గా పదకొండుకు అందరూ లేచి నిలబడ్డారు, స్పీకరు వచ్చి కూర్చున్నారు. ఆకుపచ్చ తివాచీ, వంపులు తిరిగిన బల్లలు. నేను గీసిన పెట్టెలో ఇంతమంది మనుషులుంటారని, దగ్గుతారని, చెవిలో గుసగుసలాడతారని ఎప్పుడూ పిల్లలకు చెప్పలేదు. వెనక వరసల్లో మా ఎంపీని వెతికి పట్టుకున్నాను. చేతిలో కాగితాలున్నాయి. నేను నల్లబల్ల మీద పెట్టిన చుక్క అదే.

మొదటి ప్రశ్నకే పదహారు నిమిషాలు పట్టింది. రెండు, మూడు. నాలుగో ప్రశ్న ఎరువుల మీద, అందరూ అందులోనే మునిగారు. పదకొండూ నలభైకి ఐదో ప్రశ్న అయింది. ఆరో ప్రశ్న అడగవలసినాయన రాలేదు, ఏడో ఆయనా రాలేదు. నేను కుర్చీ అంచుకు జరిగాను. ఎనిమిదో ప్రశ్న అయ్యేసరికి పదకొండూ యాభై రెండు. తొమ్మిదో, పదో ప్రశ్నల సభ్యులూ లేరు. పదకొండో ప్రశ్నను మంత్రిగారు రెండు ముక్కల్లో తేల్చేశారు. పదకొండూ యాభై ఆరు. పన్నెండో సభ్యుడూ లేడు! పదమూడో ప్రశ్న అడగడానికి ఒకావిడ లేచింది, మంచినీళ్ళ పథకం గురించి. చక్కగా అడిగింది, ఆపకుండా అడిగింది. మా ఎంపీ బల్ల అంచున చేతులు ఆనించి సగం లేచి ఉండటం కనిపించింది.

గడియారం పన్నెండు. ప్రశ్నోత్తరాల సమయం ముగిసిందన్నారు. మా ఎంపీ కూర్చుని కాగితాలు మడిచి పక్కన పెట్టుకున్నారు. ఆ వెంటనే కింద ఎవరో లేచి ఫలానా పత్రాలు సభ ముందు ఉంచుతున్నానని చదవడం మొదలెట్టారు. మా గంట అయిపోయిందని కాపలా ఆయన లెమ్మని సైగ చేశాడు. గ్యాలరీలో నోరు మెదపకూడదు, లేచాను. మెట్లు దిగి కౌంటర్లో నా కాగితం వెనక్కి తీసుకున్నాను.

సహాయకుడు సాయంత్రం లాడ్జికి వచ్చి అచ్చు కాగితం ఇచ్చాడు. నోటితో చెప్పే అవకాశం రాని ప్రశ్నలకు జవాబు రాతలో వస్తుంది. “పేరు ఉంది చూడండి అంకుల్, రికార్డులో ఎప్పటికీ ఉంటుంది,” అన్నాడు. ఉంది, డిగ్లీపూర్ అని రెండుసార్లు. రాసిన జవాబుకు అనుబంధ ప్రశ్న ఉండదు, అది వాళ్ళకు బాగా తెలుసు.

తిరుగు ప్రయాణంలో మళ్ళీ షాదీపూర్‌లో పడుకుని, మర్నాడు తెల్లవారకముందే బస్టాండుకు వెళ్ళాను. చీకట్లో కండక్టరు తలుపు పట్టుకుని అరుస్తున్నాడు. “డిగ్లీపూర్, డిగ్లీపూర్, డిగ్లీపూర్! ఆవో భయ్యా, ఆవో దీదీ, డిగ్లీపూర్!” ఏడెనిమిదిసార్లు అరిచాడు. ఈ పేరు ఒక్కసారి వినడానికి ఢిల్లీ దాకా వెళ్ళొచ్చాను. సీటులో కూర్చుని కండువాతో ముఖం తుడుచుకున్నాను.

సాయంత్రం ఐదున్నరకు బస్సు దిగితే దేముడమ్మ ఎదురుగా నిలబడి ఉంది. ఏం చెప్పాలో దారంతా వెతుక్కుంటూ వచ్చాను.

“టీవీలో చూసినాం బాబూ,” అంది నేను నోరు విప్పకముందే. “ఈదంతా మీ ఇంటికాడే కూకున్నాం. మన ఎంపీ లెగబోయి కూకుండిపోనాడు. మీరేటీ కనబళ్ళేదు.”

టీ కొట్టు బల్ల మీద కూర్చుని జవాబు తెలుగులో చదివి చెప్పాను. విశాఖ ఓడలు పెంచడం రద్దీని బట్టి పరిశీలిస్తారు. డిగ్లీపూర్ ప్రయాణికులకు విడిగా టికెట్లు ఉంచే విషయం పరిశీలనలో ఉంది.

“ఊరి పేరున్నకాడ ఇంకోపాలి సదవండి.”

చదివాను. చూపుడువేలితో ఆ అక్షరాలను తడిమింది, ఆవిడకు చదువు రాదు. తర్వాత అడిగింది. “పరిసీలన అంటే ఎన్నాళ్ళు బాబూ? నాకు డెబ్బై రెండు, మా సెల్లికి డెబ్బై. అది ఆళ్ళకి తెలుసా?”

మంచి హిందీలో నేను రాసుకున్న మూడు ప్రశ్నల్లో ఇది లేదు. సంచిలోంచి ఆ కాగితం తీసి, మూడూ కొట్టేసి, వెనక వైపు దేముడమ్మ మాటల్ని ఉన్నవున్నట్టు రాసుకున్నాను.

“మల్లీ సీటీ ఎప్పుడు తీత్తారు?”

“జనవరి ఆఖర్లో మళ్ళీ సభ మొదలవుతుంది. నోటీసు ఇవ్వమని ఎంపీ గారికి ఈ వారమే రాస్తాను.”

ఆవిడ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుని, నా సంచీ అందుకుని, ఇంటి దారి పట్టింది.

“అందాకా ఉంటాం లెండి, ఇద్దరం.”