తీగ పీకినా పలికిన నంబరు

సేఠ్ కార్ఖానాలో అడుగుపెట్టిన కాసేపటికే ఆ సాంచా, అదే మరమగ్గం, ఆగిపోయేది. పగలంతా ఏ తంటా లేకుండా నడిచిన మగ్గం, ఆయన రింగ్ రోడ్ దుకాణం నుంచి వచ్చే సాయంత్రానికి సగం పువ్వు నేసి నిలబడిపోయేది.

మా ఊళ్లకు దూరంగా, పరాయి రాష్ట్రంలోని బమ్రోలిలో మేం పనిచేసే చోటికి అది కొత్తగా వచ్చిన కంప్యూటర్ మగ్గం. చీర అంచు డిజైన్ నా గదిలోని కంప్యూటర్ నుంచి కార్ఖానా వైఫై రౌటర్ మీదుగా, తీగ ద్వారా కొంచెం కొంచెంగా దానికి చేరుతుంది. డిజైన్లు పంపడం నా పని. మగ్గం నడిపేది జగిత్యాల వైపు నుంచి వచ్చిన పెద్దాయన. చుట్టం కాకపోయినా నాకు కాక, అంటే బాబాయి లెక్క.

కాక కావాలనే దాన్ని ఆపుతున్నాడని సేఠ్ అనుమానం, కొత్త మగ్గాలు వస్తే పాత సాంచాల మీది వాళ్ల పని పోతుందని.

"నన్ను చూస్తేనే దీనికి జ్వరమొస్తుందా?" అని ఒకరోజు హిందీలో అరిచాడు.

"నాకేం ఎర్క సేఠ్‌జీ? మీరంటే బుగులేమో," అన్నాడు కాక. అందరూ నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది.

మర్నాడు మగ్గం మళ్లీ ఆగింది. సేఠ్ నన్ను అందరి ముందుకు పిలిచాడు. ఆడవాళ్లందరినీ ఆయన బేన్, అంటే చెల్లీ, అనే పిలుస్తాడు.

"బేన్, నీ కంప్యూటర్ బాగుందా?"

"బాగుంది సేఠ్‌జీ."

"తీగ?"

"అదీ బాగానే ఉంది."

"అయితే తప్పు మనిషిదే." కాక వైపు తిరిగాడు. "రేపటి నుంచి రావద్దు."

అబద్ధ సాక్ష్యం ఎంత పాపమో చిన్నప్పటి నుంచీ మా ప్రార్థన సంఘంలో వింటూ పెరిగాను. అబద్ధమాడితేనే అది పాపమనుకున్నాను. నేను చెప్పినవన్నీ నిజాలే. ఆ నిజాలతోనే ఒక మనిషి కూడు పోతోంది. ప్రభువా, తెలిసినంతే చెప్పాను, తెలియనిది నువ్వు చూపించు అని లోలోపలే ప్రార్థించాను.

కాక మేకుకు తగిలించిన చొక్కా తీసుకున్నాడు.

"జర ఆగు కాకా."

"ఏమాగుత బిడ్డా? పొమ్మన్నడు గదా."

ఏం చేయాలో తోచక మగ్గానికి ఉన్న తీగ పీకేశాను. గదిలోకి వెళ్లి, కంప్యూటర్ మగ్గాన్ని గుర్తుపట్టే నంబరుకు పిలుపు పంపి, అది ఇంకా పలుకుతుందేమో చూశాను. పలకకూడదు. కానీ పలికింది. మళ్లీ చూశాను. మళ్లీ పలికింది. ఆ నంబరుతో ఇంకెవరో ఉన్నారు.

అప్పుడే సేఠ్‌కు ఫోన్ వచ్చింది. మాట్లాడుతూ గేటు దాటి సందు చివరిదాకా వెళ్లాడు. నా తెరమీద జవాబులు ఆగిపోయాయి. ఆయన తిరిగి లోపలికి రాగానే మళ్లీ మొదలయ్యాయి. అది దేవుడు చూపించిందేనని నేను సంఘంలో సాక్ష్యం చెప్పాను, ఇప్పటికీ చెబుతాను.

చూపించడం వరకు ఆయన పని. ఆ మాట సేఠ్‌తో చెప్పాల్సింది నేను. నా ఉద్యోగమూ సేఠ్ చేతిలోనే ఉంది.

"సేఠ్‌జీ, మీ ఫోన్‌లో వైఫై ఒకసారి ఆపుతారా?"

"ఎందుకు? ఇప్పుడు నా ఫోన్ దొంగైందా?"

"దొంగ కాదు. మగ్గానికున్న నంబరే దానికీ ఉంది."

మా ప్రార్థన హాల్లో వచ్చినవాళ్లు ఖాళీ ఉన్న చోట కూర్చుంటారు. డోలక్ కొట్టే ఆయన చోటు మాత్రం ఎప్పుడూ ఒకటే. అక్కడ ఇంకొకరు కూర్చుంటే పాట సాగదు. వైఫై రౌటర్ కూడా ఫోన్లకు ఖాళీగా ఉన్న నంబరు ఇస్తుంది, మళ్లీ వస్తే వీలైనంతవరకు పాతదే ఇస్తుంది. మగ్గం బిగించిన మనిషి సేఠ్ లేనప్పుడు వచ్చాడు. పలకని నంబరు ఒకటి చూసి, ఖాళీ అనుకుని, మగ్గానికి శాశ్వతంగా రాసేశాడు. అది సేఠ్ ఫోన్‌ది. ఆయన లోపలికి రాగానే డిజైన్ ముక్కలు మగ్గానికి బదులు ఫోన్‌కు పోయేవి.

ఇదంతా చెబుతుంటే ఎవరూ నవ్వలేదు. సేఠ్ వైఫై ఆపాడు. తీగ పెట్టాను. మగ్గం కదిలింది.

"అంటే నా కార్ఖానాలో నేను ఫోన్ ఆపుకుని తిరగాలా?" అన్నాడు సేఠ్.

"అవసరం లేదు." మగ్గాన్ని ఆపించి, రౌటర్ ఎవరికీ పంచని నంబరు ఒకటి దానికిచ్చాను. కంప్యూటర్‌కూ అదే చెప్పాను.

కాక ఇంకా చొక్కా చేతిలో పట్టుకునే ఉన్నాడు. "సేఠ్‌జీ, ఇప్పుడు ఆ వైఫై పెట్టుండ్రి."

"పెట్టా."

"గిట్ల రాండ్రి. సాంచా పక్కన నిలబడుండ్రి, ఈ పువ్వు అయ్యేదాకా."

ఆయనతో ఎవరూ అలా మాట్లాడగా నేను వినలేదు. సేఠ్ ముఖం ఎర్రబడింది. అయినా వచ్చి నిలబడ్డాడు. కాక స్విచ్ వేశాడు. సగం పువ్వు నిండింది. పక్కనే ఇంకో పువ్వు మొదలైంది.

"రేపు టైముకు రా," అన్నాడు సేఠ్, మగ్గం వైపే చూస్తూ.

"ఇయ్యాల్టి షిఫ్టే ఇంక అయిపోలె సేఠ్‌జీ," అని కాక చొక్కా పక్కన పడేసి, తెగిన దారం ముడి వేయడానికి వంగాడు.